యోగ్యతా పత్రం ఎవరి రక్షణకు? ఎవరి లాభానికి?

మోటారు రవాణా కార్మికుల సమావేశం ఏ జిల్లాలో జరిగినా గత కొన్ని సంవత్సరాలుగా ఒకే ప్రశ్న మరల మరల వినవస్తున్నది. "ఎఫ్.సి. గడువు దగ్గరపడింది, ఏం చేయమంటారు?" అన్నదే ఆ ప్రశ్న. బత్తా గురించి, పని గంటల గురించి, భవిష్యనిధి గురించి చర్చించడానికి వచ్చిన సోదరులు సైతం చివరకు ఈ ప్రశ్న వద్దనే ఆగిపోతున్నారు. కొందరు ఆవేశంతో ఈ పరీక్షనే రద్దు చేయించాలని తీర్మానాలు ప్రతిపాదిస్తున్నారు. మరికొందరు ఇది యజమానుల గొడవ, కార్మిక సంఘానికి దీనితో నిమిత్తం లేదని వాదిస్తున్నారు. ఈ రెండు వైఖరులూ పొరపాటైనవని మా నిశ్చితాభిప్రాయం. అందుచేత ఈ సమస్యను మొదటినుండి పరిశీలించడం అవసరమని తలచి ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

చట్టం ఏమంటున్నది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1న అమలులోకి వచ్చింది. ఆ చట్టంలోని 41వ సెక్షను ప్రకారం సొంత వాడకపు కారుకు, స్కూటరుకు రిజిస్ట్రేషను పదిహేను సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తరువాత వాహనం యోగ్యమైనదని తేలితే ఐదేసి సంవత్సరాల చొప్పున పునరుద్ధరించుకోవచ్చును. లారీకి, బస్సుకు, టాక్సీకి, ఆటోకు ఈ వెసులుబాటు లేదు. 56వ సెక్షను ప్రకారం యోగ్యతా పత్రం లేని రవాణా వాహనానికి రిజిస్ట్రేషను చెల్లుబాటులో ఉన్నట్లు పరిగణించరు. అనగా సి-బుక్కు చేతిలో ఉన్నప్పటికీ, ఎఫ్.సి. గడువు ముగిసిన మరునాటి ఉదయం ఆ బండి చట్టం దృష్టిలో రిజిస్టరు కాని బండియే.

కొత్త రవాణా వాహనానికి మొదటి యోగ్యతా పత్రం రెండు సంవత్సరాలకు ఇస్తారు. 2018 నవంబరు సవరణ ప్రకారం వాహనం వయస్సు ఎనిమిది సంవత్సరాలు వచ్చేవరకు రెండేసి సంవత్సరాలకు, ఆ పైన ఏటేటా దానిని పునరుద్ధరించుకోవాలి. కనుక సొంత కారు గల పెద్దమనిషికి పదిహేనేళ్లకు ఒకసారి ఎదురయ్యే పరీక్ష, పాత లారీని నమ్ముకొని బ్రతికే వానికి ప్రతి సంవత్సరం ఎదురవుతున్నది. రిజిస్ట్రేషను లేకుండా బండి నడిపితే 192వ సెక్షను క్రింద మొదటిసారి 5,000 రూపాయల వరకు జరిమానా. మరల పట్టుబడితే 10,000 రూపాయల వరకు జరిమానా లేదా జైలు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట అడిగే కాగితం కూడ ఎఫ్.సి.యే.

ఆ పత్రం చేతికి రావడానికి ముందు నెరవేర్చవలసిన షరతులను ఒక్కసారి లెక్కపెట్టి చూడండి. త్రైమాసిక పన్ను బకాయి ఉండరాదు. థర్డ్ పార్టీ బీమా నడుస్తూ ఉండాలి. పొగ పరీక్ష పత్రం ఉండాలి. పర్మిట్టు సజీవంగా ఉండాలి. లారీకి, బస్సుకు వేగనియంత్రణ పరికరం ఉండాలి. వెనుకా ముందూ ప్రక్కలా రాత్రివేళ మెరిసే పట్టీలు అంటించి ఉండాలి. హై సెక్యూరిటీ నంబరు ప్లేటు ఉండాలి. 2019 జనవరి 1 తరువాత రిజిస్టరైన ప్రయాణికుల వాహనమైతే, ఆటోలు మినహా, బండి ఎక్కడున్నదో తెలిపే పరికరం, ఆపద బటను కూడ ఉండాలి. పోలీసు చలానులు పెండింగులో ఉంటే కంప్యూటరు వద్దనే దరఖాస్తు ఆగిపోతుంది. ఇవన్నీ సమకూరిన తరువాతనే బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందుకో, యంత్రం ముందుకో బండి వెళ్లగలుగుతుంది.

ఈ షరతులలో ఒక్కొక్కటి విడివిడిగా చూస్తే అన్యాయమైనదని చెప్పలేము. వెనుక మెరిసే పట్టీ లేని కారణంగా రాత్రివేళ ఆగివున్న లారీని గుద్దుకొని చనిపోయినవారు మన దేశంలో తక్కువ కాదు. బీమా లేని బండి గుద్దితే బాధితుని కుటుంబానికి దిక్కులేదు. అయితే ఈ షరతులన్నింటి భారాన్ని ఎవరు మోస్తున్నారు, వాటి ఫలితాన్ని ఎవరు అనుభవిస్తున్నారు అన్నదే మన ముందున్న ప్రశ్న.

పరీక్షను మేము వ్యతిరేకించము

మొదట ఒక విషయాన్ని నిష్కర్షగా చెప్పవలసి ఉన్నది. వాహనానికి యోగ్యతా పరీక్ష ఉండి తీరాలి. దానిని రద్దు చేయాలన్న తీర్మానాన్ని ఏ శాఖ ప్రతిపాదించినా మేము వ్యతిరేకిస్తాము. 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వ నివేదికయే ప్రకటించింది. ఆ మృతులలో పాదచారులున్నారు, సైకిలు తొక్కే కూలీలున్నారు, మన డ్రైవర్లు, క్లీనర్లు కూడ ఉన్నారు. బ్రేకు పడకపోతే మొదట చావు కెదురయ్యేది స్టీరింగు ముందు కూర్చున్న కార్మికుడే. యంత్రంపై కంచె లేని ఫ్యాక్టరీలో పనిచేయబోమని పోరాడిన కార్మికోద్యమం, బ్రేకు లేని లారీని పరీక్ష లేకుండా నడపనిమ్మని అడగడం సిగ్గుచేటు కాదా?

ఈ సందర్భంలో మా అనుభవంలోని ఒక సంగతి చెప్పక తప్పదు. మా సంఘంలో ఇరువది సంవత్సరాలకు పైగా సర్వీసు గల లారీ డ్రైవరు సోదరుడొకడుండేవాడు. బ్రేకు లైనింగులు అరిగిపోయినవని అతడు యజమానికి మూడుసార్లు చెప్పాడు. "ఈ ట్రిప్పు దింపి రా, చూద్దాం" అన్నదే మూడుసార్లూ వచ్చిన జవాబు. మూడవ ట్రిప్పులో ఘాటు దిగుతుండగా బండి అదుపు తప్పింది. క్లీనరు కుర్రవాడు అక్కడికక్కడే మరణించాడు. డ్రైవరు కాలు విరిగిన స్థితిలోనే అరెస్టయ్యాడు. అప్పటికి ఆ బండి యోగ్యతా పత్రానికి ఇంకా ఐదు నెలల గడువున్నది. ప్రమాదం తరువాత జరిగిన తనిఖీ నివేదికలో "యాంత్రిక లోపం వలన ప్రమాదం సంభవించలేదు" అన్న వాక్యం ఉన్నది. జామీనుదారుల కోసం మేము వారం రోజులు తిరిగాము. అతడు మూడుసార్లు ఫిర్యాదు చేసిన మాట నిజమని మా కందరికీ తెలుసు. కాని కాగితం మీద ఒక్క అక్షరం కూడ లేదు. నోటిమాటకు కోర్టులో విలువ లేకపోయింది.

అంతకంటె బాధాకరమైన విషయం తరువాత తెలిసింది. ఏడు నెలల క్రితం అదే బండిని ఎఫ్.సి.కి తీసుకొని వెళ్లినది ఆ డ్రైవరే. ముందురోజు రాత్రి మంచి టైర్లు అద్దెకు తెచ్చి బిగించి, పరీక్ష ముగియగానే విప్పి తిరిగి ఇచ్చినదీ అతడే. యజమాని చెప్పాడు, అతడు చేశాడు. ఏజెంటు మాట్లాడుకున్నాడు, పని జరిగిపోయింది. ఆనాడు చేతికి వచ్చిన కాగితమే తరువాత అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది.

అద్దె టైర్లతో, ఒక్కరోజు లైట్లతో, ఏజెంటు చేతిలో పెట్టిన డబ్బుతో ఎఫ్.సి. సంపాదించే ఆచారం మన కార్మికులకు తెలియనిది కాదు. మనలో అనేకులు అందులో పాలుపంచుకున్నారు. సంఘం నాయకులమైన మేము కూడ "బండి తిరిగితేనే గదా కూలి" అని చూచీ చూడనట్లు ఊరకున్నాము. ఇది మా లోపమని ఇక్కడ ఒప్పుకుంటున్నాము. దొంగ యోగ్యతా పత్రం యజమానికి రక్షణ; డ్రైవరుకు ఉరి.

చట్టం కూడ ఈ విషయంలో డ్రైవరు పక్షాన లేదు. 190వ సెక్షను ప్రకారం లోపం ఉన్నదని తెలిసి వాహనాన్ని నడిపినవాడు, నడపనిచ్చినవాడు ఇద్దరూ శిక్షార్హులే. అయితే రోడ్డుమీద దొరికేది నడిపినవాడు. నడపనిచ్చినవాడు ఇంటి వద్ద ఉంటాడు. నిర్లక్ష్యంతో మరణం కలిగించిన నేరానికి భారత శిక్షాస్మృతి 304-ఎ సెక్షను క్రింద రెండు సంవత్సరాల వరకు శిక్ష ఉండేది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షనులో అది ఐదు సంవత్సరాల వరకు పెరిగింది. శిక్ష పెరిగినది కాని, లోపమున్న బండిని నిరాకరించే హక్కు మాత్రం డ్రైవరుకు రాలేదు.

రుసుముల భారం

ఇక రెండవ ప్రక్కను చూద్దాము. 2016 డిసెంబరు 29న కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలను సవరించి అన్ని రుసుములను పెంచింది. యోగ్యతా పత్రం గడువు దాటిన తరువాత ప్రతి రోజుకు 50 రూపాయల అదనపు రుసుమును కూడ విధించింది. ఆరు నెలలు జబ్బుపడి బండిని ఇంటిముందు నిలిపిన ఆటో డ్రైవరు ఈ లెక్కన 9,000 రూపాయలకు పైగా చెల్లించాలి. ఒక సంవత్సరమైతే 18,250 రూపాయలు. అంతకాలం ఆ బండి రోడ్డెక్కలేదు, ఎవరికీ ప్రమాదం కలిగించలేదు. అయినా మీటరు మాత్రం తిరుగుతూనే ఉన్నది! చట్టం ఇచ్చిన అధికారాన్ని మించి ఇటువంటి ఆలస్యపు రుసుము విధించడం చెల్లదని ఆటో కార్మికుల సంఘం తెచ్చిన వ్యాజ్యంలో మద్రాసు హైకోర్టు 2017లో తీర్పు చెప్పింది. అయినప్పటికీ ఇతర రాష్ట్రాలలో వసూలు ఆగలేదు. 2022 మే నెలలో హైదరాబాదులో ఆటో, క్యాబు, లారీ డ్రైవర్లు ఒకరోజు బంద్ జరిపినది ఈ రోజువారీ జరిమానాను నిరసించే. కరోనా కాలంలో 2020 ఫిబ్రవరి నుండి 2021 అక్టోబరు వరకు పత్రాల గడువును ప్రభుత్వం పొడిగించిన మాట నిజమే. కాని గడువు పొడిగింపు ముగిసిన నాటికి డ్రైవరు చేతిలో బీమాకు, పన్నుకు, మరమ్మతుకు డబ్బు లేదన్న సంగతిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

2021 అక్టోబరులో మరొక ప్రకటన వెలువడింది. 2022 ఏప్రిల్ 1 నుండి పదిహేను సంవత్సరాలు దాటిన వాహనాల రుసుములను ఒక్కసారిగా పెంచారు. స్కూటరు రిజిస్ట్రేషను పునరుద్ధరణకు 300 రూపాయలు ఉన్నది 1,000 అయినది. కారుకు 600 ఉన్నది 5,000 అయినది. లారీ, బస్సుల యోగ్యతా పత్రానికి 1,500 ఉన్నది 12,500 అయినది. 2025 ఆగస్టులో ఇరవై సంవత్సరాలు దాటిన స్కూటరుకు 2,000, కారుకు 10,000 చొప్పున పునరుద్ధరణ రుసుమును నిర్ణయించారు. అదే సంవత్సరం నవంబరులో యోగ్యతా పరీక్షకు పది సంవత్సరాల నుండే వయోవర్గాలు విభజించి, ఇరవై సంవత్సరాలు దాటిన లారీకి, బస్సుకు రుసుమును 25,000 రూపాయల వరకు తీసుకొనిపోయారు.

ఇక్కడ పాఠకులు ఒక్క విషయం గమనించాలి. ఈ పెంపుదల పరీక్షకు అయ్యే ఖర్చును బట్టి జరిగినది కాదు. ఐదేళ్ల లారీని రోలరు మీదికి ఎక్కించి బ్రేకు కొలవడానికి ఎంత కరెంటు, ఎంత సమయం పడుతుందో ఇరవై యేళ్ల లారీకీ అంతే పడుతుంది. కనుక ఇది పరీక్షకు రుసుము కాదు. వయస్సుపై విధించిన శిక్ష. పాత బండిని ఉంచుకోవడం దుర్భరం చేసి, దానిని తుక్కుకు పంపించడమే దీని ఉద్దేశ్యం.

పాత బండ్లు ఎక్కువ పొగ చిమ్ముతాయని, ప్రాణాపాయమని ప్రభుత్వం చెప్పే వాదంలో కొంత నిజం లేకపోలేదు. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన భారత్ స్టేజి-6 బండి కంటె పాత బండి ఎక్కువ పొగ విడుస్తుందనడంలో సందేహం లేదు. ఆ పొగను పీల్చేది కూడ రోజుకు పన్నెండు గంటలు రోడ్డుమీద ఉండే డ్రైవరే. అయితే దోషం వయస్సులో ఉన్నదా, బండి స్థితిలో ఉన్నదా? ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిలు బండ్లను, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లను నిషేధించిన ఉత్తర్వును 2018లో సుప్రీంకోర్టు బలపరచింది. అదే సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో కేవలం వయస్సు కారణంగా ఆ బండ్ల యజమానులపై బలవంతపు చర్యలు తీసుకోవద్దని ఆదేశించి, డిసెంబరులో ఆ రక్షణను స్టేజి-4, ఆ పై ప్రమాణాల బండ్లకు పరిమితం చేసింది. అనగా చూడవలసినది పుట్టిన తేదీ ఒక్కటే కాదు, బండి ఏ ప్రమాణానికి చెందినదన్న విషయం కూడ అని అత్యున్నత న్యాయస్థానమే గుర్తించవలసి వచ్చింది.

పాత లారీ ఎవరి వద్ద ఉన్నది? కొత్త లారీని కొనేది పెద్ద ట్రాన్స్‌పోర్టు కంపెనీ. దాని సారమంతా పిండుకొని ఐదారేళ్లకు అమ్మివేస్తుంది. రెండవ చేతిలో నాలుగైదేళ్లు తిరుగుతుంది. మూడవ చేతికి వచ్చేసరికి కొనేవాడు ఎవరు? జీవితకాలమంతా ఒకరి బండి తోలి, చివరకు భార్య మెడలోని బంగారం కుదువపెట్టి, ఫైనాన్సు తెచ్చి సొంత బండి కలవాడైన డ్రైవరు. కంపెనీ మంచి వయస్సులో సంపాదించుకున్నది. ముసలి బండికి శిక్ష మాత్రం ఇతనికి పడుతున్నది. ఇతనిని యజమాని అని పిలిచి మన ఉద్యమం నుండి దూరంగా ఉంచడం పొరపాటు. ఫైనాన్సు కంపెనీకి ఇతడు కూలివాడే.

యంత్రం ఎవరి చేతిలో ఉన్నది?

2019 సవరణ చట్టం 56వ సెక్షనును మార్చి, స్వయంచాలక పరీక్షా కేంద్రాల ద్వారానే యోగ్యతా పత్రం ఇవ్వాలన్న ఏర్పాటుకు దారి తీసింది. 2021 సెప్టెంబరులో ఆ కేంద్రాల నియమావళి వెలువడింది. భారీ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుండి, మధ్యతరహా, తేలికపాటి రవాణా వాహనాలకు 2024 జూన్ 1 నుండి ఈ పరీక్ష తప్పనిసరి అని మొదట ప్రకటించారు. కేంద్రాలే లేని జిల్లాలలో ఇది అసాధ్యమని తేలడంతో గడువు 2024 అక్టోబరుకు, ఆ పైన మరికొంత కాలానికి వాయిదా పడుతూ వచ్చింది. కాగితంపై తేదీ ముందు, నేలపై కేంద్రం తరువాత! ఇది మన పాలనకు అలవాటైన వరుసయే.

యంత్రపరీక్షను సిద్ధాంతరీత్యా మేము స్వాగతిస్తున్నాము. బ్రేకు బలాన్ని రోలరు కొలిస్తే ఏజెంటు మాట చెల్లదు. హెడ్ లైటు కోణాన్ని, పొగ సాంద్రతను యంత్రం నమోదు చేస్తే ఎవరి దయాదాక్షిణ్యాలూ అవసరముండవు. కంటిచూపు పరీక్షలో జరిగిన అవినీతి వలన ఎక్కువగా నష్టపోయినది మన కార్మికులే. అయితే యంత్రం నిష్పక్షపాతంగా ఉండాలంటే దాని యజమాని కూడ నిష్పక్షపాతి కావాలి. నియమావళి ప్రకారం ఈ కేంద్రాలను రాష్ట్ర ప్రభుత్వమే గాక కంపెనీలు, సంస్థలు, వ్యక్తుల సముదాయాలు కూడ నడపవచ్చును. పరీక్ష ఎన్నిసార్లు జరిగితే అంత రాబడి వచ్చేవానికి, బండి మొదటిసారే ఉత్తీర్ణం కావడంలో ఏమి ఆసక్తి ఉంటుంది? తిరుగు పరీక్షకు మరల రుసుము చెల్లించాలి. అందులోనూ తప్పితే బండిని ఆయుర్దాయం తీరినదిగా ప్రకటించే ప్రమాదం ఉన్నది. ఒక కుటుంబానికి బ్రతుకుతెరువైన ఆస్తిపై తుదితీర్పు చెప్పే అధికారాన్ని లాభంకోసం నడిచే సంస్థ చేతిలో పెట్టడం మాకు సమ్మతం కాదు.

దీనికి తోడు 2021 ఆగస్టులో ప్రారంభమైన వాహనాల తుక్కు విధానం ఉన్నది. పాత బండిని గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి ఇచ్చి కొత్తది కొంటే సొంత వాహనానికి పన్నులో 25 శాతం వరకు, రవాణా వాహనానికి 15 శాతం వరకు రాయితీ ఇవ్వవచ్చునని కేంద్రం నిబంధన చేసింది. కొత్త బండి కొనగలిగినవానికి రాయితీ. కొనలేనివానికి తుక్కు ధర మాత్రమే. సొంత కారు వానికి ఎక్కువ శాతం, బ్రతుకుతెరువుకు బండి నడిపేవానికి తక్కువ శాతం! ఈ తరతమ భేదంలోనే ఈ విధానం ఎవరిని ఉద్దేశించినదో బయటపడుతున్నది.

ప్రభుత్వ రవాణా సంస్థల సంగతి కూడ ఇక్కడ విస్మరించరాదు. 2023 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వ శాఖలకు, రాష్ట్ర రవాణా సంస్థలకు చెందిన పదిహేనేళ్లు దాటిన వాహనాల రిజిస్ట్రేషనును పునరుద్ధరించరాదని నిబంధన వచ్చింది. పాత బస్సు పోవడం ప్రయాణికునికీ, డ్రైవరుకూ మంచిదే. కాని దాని స్థానంలో సంస్థ సొంత కొత్త బస్సు రాక, అద్దె బస్సు వస్తే పోయినది పాత బస్సు మాత్రమే కాదు. ఒక డ్రైవరు పర్మనెంటు ఉద్యోగం, ఒక మెకానికు ఉద్యోగం కూడ పోయినట్లే.

ఇరుగుపొరుగుల అనుభవం

ఈ సమస్య మన ఒక్క దేశానిదే కాదు. 2018 జూలై చివర ఢాకా నగరంలో బస్సు క్రింద పడి ఇద్దరు విద్యార్థులు మరణించినప్పుడు, బంగ్లాదేశ్ విద్యార్థులు వేలాదిగా వీధులలోకి వచ్చి బండ్లను ఆపి లైసెన్సులను, యోగ్యతా పత్రాలను తామే తనిఖీ చేశారు. ప్రజాగ్రహం ఫలితంగా ఆ సంవత్సరమే కొత్త రోడ్డు రవాణా చట్టం వచ్చింది. కాని రోజుకింత అని యజమానికి కట్టి, మిగిలినదే తన కూలిగా తీసుకొనే డ్రైవరు ప్రయాణికులకోసం మరొక బస్సుతో పందెం వేయక తప్పని పరిస్థితి ఉన్నంతకాలం కాగితం ఒక్కటే ప్రాణాలను కాపాడలేదు. శ్రీలంకలో 2008 నుండి ఏటేటా రెవిన్యూ లైసెన్సు పొందడానికి పొగ పరీక్ష పత్రం తప్పనిసరి అయినది. పరీక్షను పన్నుతో ముడిపెట్టడం దక్షిణాసియాలో అంతటా కనిపిస్తున్నది. కాని డ్రైవరు పని పరిస్థితులతో దానిని ముడిపెట్టే ఆలోచన ఏ ప్రభుత్వానికీ రాలేదు.

బండికి యోగ్యత చూచినవారు, బండి నడిపేవాని నిద్రకు యోగ్యత చూచారా? 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పరిమితి విధించింది. ఐదుగురు లేక అంతకు మించి కార్మికులున్న సంస్థలకే అది వర్తించేది గనుక, నాలుగేసి మందిని వేరువేరు పేర్లతో చూపి తప్పించుకొన్న యజమానులను మేము ఎందరినో చూచాము. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా కోడులో ఆ చట్టం విలీనమైపోయింది. ఉన్న చట్టమే రోడ్డుమీద అమలు కాలేదు. ఇక కోడు మాటేమిటో వేరుగా చెప్పనవసరం లేదు.

మన కోరికలు

ఈ కారణాలచేత ఈ క్రింది కోరికలను అన్ని శాఖలు చర్చించి, ఆందోళన కార్యక్రమంలో చేర్చాలని సూచిస్తున్నాము.

ఒకటి: యోగ్యతా పరీక్ష రుసుము పరీక్షకయ్యే ఖర్చును మించరాదు. వయస్సును బట్టి రుసుము పెంచే పద్ధతిని రద్దు చేయాలి.

రెండు: రోజుకు 50 రూపాయల ఆలస్యపు రుసుమును రద్దు చేయాలి. జబ్బు, ప్రమాదం, మరమ్మతు కారణంగా బండి నిలిచిపోయినట్లు ముందుగా తెలియజేసిన వానికి ఏ జరిమానా ఉండరాదు.

మూడు: పరీక్షా కేంద్రాలను ప్రభుత్వమే ప్రతి జిల్లాలోను నెలకొల్పాలి. కేంద్రం ఏర్పడేవరకు యంత్రపరీక్షను తప్పనిసరి చేయరాదు. మొదటి తిరుగు పరీక్ష ఉచితంగా జరపాలి. అప్పీలు కమిటీలో కార్మిక సంఘాల ప్రతినిధి ఉండాలి.

నాలుగు: ఒకే బండిని సొంతంగా నడుపుకొనే డ్రైవరుకు, అతని బండి తుక్కుకు పోయిన పక్షంలో, కొత్త బండి కొనడానికి ప్రభుత్వరంగ బ్యాంకుల ద్వారా తక్కువ వడ్డీ ఋణం ఇవ్వాలి.

ఐదు: ప్రతి రవాణా వాహనంలోను లోపాల పుస్తకం ఉంచడం యజమాని చట్టబద్ధ బాధ్యత కావాలి. ఆర్టీసీ డిపోలో డ్యూటీ దిగే డ్రైవరు బండి లోపాలను వ్రాసి ఇచ్చే ఆచారం ఉన్నది. అదే పద్ధతి ప్రైవేటు లారీకి, బస్సుకు రావాలి. వ్రాసిన లోపాన్ని సరిచేయకుండా బండిని పంపితే నేరం యజమానిది కావాలి. లోపమున్న బండిని నిరాకరించినందుకు డ్రైవరును పని నుండి తొలగించరాదు.

ఈ ఐదవ కోరికను చివర వ్రాసినప్పటికీ అన్నిటికంటె ముఖ్యమైనదని మేము భావిస్తున్నాము. మిగిలిన నాలుగు ప్రభుత్వం ఇవ్వవలసినవి. దీనిని మాత్రం చట్టం వచ్చేవరకు ఆగకుండా రేపటినుండే మనం ప్రారంభించవచ్చును. ఒక నోటుపుస్తకం, రెండు కార్బను కాగితాలు చాలు. లోపం కనిపించిన రోజున తేదీతో వ్రాసి, ఒక ప్రతి యజమానికి, ఒక ప్రతి సంఘం కార్యాలయానికి ఇవ్వాలి. యజమాని సంతకం చేయనంటే సంఘం కార్యదర్శి పోస్టులో రిజిస్టరు చేసి పంపాలి. ఆ ఘాటు రోడ్డు సోదరుని చేతిలో అటువంటి కాగితం ఒక్కటి ఉండివుంటే అతని కేసు వేరుగా ఉండేది. క్లీనరు కుర్రవాడు బహుశా బ్రతికివుండేవాడు.

దానితోపాటు మరొక నిర్ణయం కూడ మనం చేసుకోవాలి. ఎఫ్.సి. కోసం అద్దె టైర్లు బిగించే పనికి మన సభ్యుడెవడూ చేయివేయరాదు. ఇది వినడానికి తేలిక, ఆచరించడానికి కష్టమని మాకు తెలియనిది కాదు. కాదన్నవానిని పని నుండి తీసివేసే యజమాని ఉంటాడు. అవునని ముందుకు వచ్చే మరొక డ్రైవరూ ఉంటాడు. అందుకే ఒంటరిగా కాదనడం కాదు, ఊరి లారీ స్టాండు మొత్తం ఒక్కమాటపై నిలిచి కాదనాలి. వేతనాల కోసం సమ్మె చేయగల సంఘం, ప్రాణాల కోసం ఒక్కమాట మీద నిలబడలేదా?

ప్రభుత్వాన్ని ప్రశ్నించే నైతికబలం మనకు కలగాలంటే మన చేతులు శుభ్రంగా ఉండాలి. పరీక్ష నిజమైనది కావాలని, దాని భారం న్యాయంగా పంపిణీ కావాలని, దాని ఫలితం స్టీరింగు పట్టుకొన్న వానికి దక్కాలని మనం కోరుతున్నాము. జిల్లా శాఖలు రాబోయే మాసంలో సర్వసభ్య సమావేశాలు జరిపి ఈ విషయాలను చర్చించి, తమ తీర్మానాలను, లోపాల పుస్తకం విషయంలో తమ అనుభవాలను కేంద్ర కార్యాలయానికి పంపవలసినదిగా కోరుతున్నాము.